రాయి మీద నా పేరున్న ఇరవై రోజులు

కోటబొమ్మాళిలో మా మాస్టారి ఇంటి ముందు ఒక నీలం గ్రానైటు రాయి ఉంది. మనిషంత ఎత్తు. కింద రాతి తాబేలు, దాని వీపు మీద నిలబెట్టిన పలక. ఆ పలక మీద, ఆయన శిష్యులందరి పేర్లకంటే పైన, ముందు డాక్టర్ అన్న మాట తగిలించుకుని నా పేరు ఇరవై రోజులు ఉంది. ఆ ఇరవై రోజులూ నేను ఆ వీధి మొహం చూడలేదు. బజారుకి పోవాలంటే రైల్వే స్టేషను వైపు నుంచి చుట్టు తిరిగి పోయేదాన్ని. "ఏటే ఆ తిరుగుడు?" అని అమ్మ అడిగితే నడక ఒంటికి మంచిదని చెప్పేదాన్ని. డాక్టరు చదువు చదివినదాన్ని కదా, ఎవరూ ఎదురు చెప్పరు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. దాచి దాచి చివర్లో బయటపెట్టడానికి ఇదేం సస్పెన్సు సినిమా కాదు. నేను డాక్టర్ని కాదు. చైనాలో వైద్యం చదివి పట్టా తెచ్చుకున్న మాట నిజమే. కానీ బయటి దేశంలో చదివినవాళ్ళు ఇక్కడ స్టెతస్కోపు పట్టుకోవాలంటే మన దేశంలో ఇంకో పరీక్ష పాసవ్వాలి. అది నేను తప్పాను. మాస్టారికి మాత్రం పాసయ్యానని చెప్పాను.

మాస్టారు ఏ బడిలోనూ పనిచేసిన మనిషి కాదు. ఉన్న కాస్త వరి పొలం చూసుకుంటూ, పొద్దున్న, సాయంత్రం తన ఇంటి అరుగు మీద పిల్లలకి లెక్కలు, ఇంగ్లీషు చెబుతారు. ఆరో తరగతి నుంచి ఇంటరు అయ్యేదాకా నేను ఆ అరుగు మీదే పెరిగాను. అరుగు వెనక సున్నం కొట్టిన పెద్ద గోడ ఉండేది. దాని మీద నీలం పెయింటుతో పేర్లు. ఆయన దగ్గర చదువుకుని పైకొచ్చినవాళ్ళ పేర్లు: టీచరు, రైల్వే, బ్యాంకు, నర్సు, కానిస్టేబులు. కుంచె ఆయనే పట్టేవారు. అక్షరాలు ఒకే ఎత్తులో రావడానికి ముందు దారానికి ముగ్గు రాసి గోడ మీద గీత కొట్టేవారు.

ఆ గోడకి ఒక చట్టం ఉండేది. మార్కుల మెమోనో, ఉద్యోగం ఆర్డరో తెచ్చి ఆయన చేతిలో పెట్టాలి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పై నుంచి కిందిదాకా పైకి చదివి, మడిచి తిరిగిచ్చి, అప్పుడు పెయింటు డబ్బా మూత తీసేవారు. నోటిమాట మీద అక్షరం పడేది కాదు. పోలీసు ఉద్యోగం వచ్చేసిందని ఒకతను మిఠాయి పొట్లంతో సహా వస్తే, మాస్టారు మిఠాయి తిని, పేరు మాత్రం రాయలేదు. "ఆర్డరు రానీరా. గోడ ఎక్కడికీ ఎలిపోదు" అన్నారు. అతను నాలుగు నెలలు ఆగాడు.

ఇంటరు తర్వాత నాకు ఇక్కడ సీటు వచ్చే ర్యాంకు రాలేదు. నాన్న ఎవరెవరినో అడిగి చైనా పంపుతానన్నాడు. ఊళ్ళో ఒకటే వేళాకోళం. "సైనా డాక్టరేటి? సైనా సెల్లుఫోను లాగ వారంటీ ఉండదేమో!" అని టీ కొట్టు దగ్గర నవ్వుకునేవారు. ఒక రోజు మాస్టారు అక్కడే ఉన్నారట. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆ దేశంలో సదువు సెప్పినోడికి గుడి కట్టినారు. మన ఊర్లో సదువు సెప్పినోడికి ఏటి కట్టినారో సెప్పండి" అన్నారట. నాన్న ఇంటికొచ్చి ఆ మాట గొప్పగా చెప్పాడు.

ఆ గుడి సంగతి మాస్టారు ఎప్పుడో ఏదో పాత పుస్తకంలో చదివారు. నేను బయల్దేరేముందు దణ్ణం పెట్టడానికి వెళ్తే, "కన్ఫ్యూషియస్ అని ఆ దేశానికి పెద్ద గురువు. ఆయన గుడి ఉంటాదట. సూసొచ్చి నాకు సెప్పాల" అన్నారు. పచ్చళ్ళు, చింతపండు, దుప్పట్లు అంటూ అందరూ నాకు ఇవ్వాల్సినవి ఇచ్చారు. నన్ను తెమ్మని అడిగినది ఆయనొక్కరే, అదీ ఒక కబురు.

మేం చదివే ఊళ్ళోనే ఆయన గుడి ఒకటి ఉంది. మొదటి ఏడాది మాకు చైనా భాష నేర్పే మేడం మా తెలుగు పిల్లల్నందర్నీ తీసుకెళ్ళింది. ఎర్ర గోడలు, పెంకుల కప్పు, ఆవరణ నిండా ఎన్ని వందల ఏళ్ళవో తెలియని సరుగుడు లాంటి చెట్లు. గడపలు మోకాలెత్తున ఉన్నాయి. తొక్కకూడదు, దాటి రావాలంది మేడం. అది మాకు ఆవిడ చెప్పక్కర్లేదు, మా అమ్మమ్మ వీపు మీద చరిచి నేర్పింది.

గుడి ముందు అర్ధచంద్రాకారంలో ఒక కొలను, దాని మీద చిన్న రాతి వంతెన. వెనకటి కాలంలో పరీక్ష గట్టెక్కినవాళ్ళకే ఆ వంతెన మీద నడిచే హక్కట. తక్కినవాళ్ళు పక్కనుంచి పోవాలి. మేం పదిహేను మందిమి వంతెన మీద నిలబడి సెల్ఫీలు దిగాం. మేడం నవ్వి, "మీరింకా ఏ పరీక్షా పాసవలేదు కదా?" అంది. ఆ రోజు మేమూ నవ్వాం.

లోపల పెద్ద మండపంలోకి వెళ్ళి దేవుడి కోసం చూశాను. విగ్రహం లేదు. ఎర్ర చెక్క పలక, దాని మీద బంగారు రంగు అక్షరాల్లో ఆ గురువు పేరు. అంతే. శ్రీకూర్మంలో కూర్మనాథుడి ముందు చేతులు జోడించి పెరిగినదాన్ని, ఒట్టి పేరుకి ఎలా దణ్ణం పెట్టాలో తెలీక కాసేపు నిలబడిపోయాను.

మేడం చరిత్ర చెప్పింది. ఆయన రెండున్నర వేల ఏళ్ళ కిందటి మనిషి. బతికుండగా ఆయన మాట ఏ రాజూ సరిగ్గా వినలేదు. శిష్యుల్ని వెంటేసుకుని ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరిగాడు. పోయాక శిష్యులు సమాధి దగ్గరే మూడేళ్ళు మైల పట్టారట. ఆయన ఉన్న చిన్న ఇల్లే మొదటి గుడి. ఆయన బట్టలు, బండి, వాయించుకునే వాయిద్యం అందులో దాచిపెట్టారు. తర్వాతి రాజులు ప్రతి పట్నంలోనూ అలాంటి గుడి కట్టించి, దాని పక్కనే బడి పెట్టించారు. చదువుకునేవాడు ముందు గురువు పేరుకి వంగి దణ్ణం పెట్టి, అప్పుడు పుస్తకం తెరవాలి. మధ్యలో ఒక చెడ్డ కాలం వచ్చి, కుర్రాళ్ళే సుత్తులు పట్టుకొచ్చి ఇలాంటి గుళ్ళలో రాళ్ళు పగలగొట్టారట. విరిగినవాటిని మళ్ళీ అతికించిన సిమెంటు గీతలు ఆవిడ మాకు వేలితో చూపించింది.

ఆ రాళ్ళు చూశాకే నాకు మాస్టారి గోడ గుర్తొచ్చింది. రాజుగారి పెద్ద పరీక్ష పాసైనవాళ్ళ పేర్లు రాతి పలకల మీద చెక్కి గుడిలో నిలబెట్టేవారట. రాజధాని గుడిలోనైతే అలాంటి పలకలు అడవిలా ఉంటాయంది. కొన్ని పలకల కింద రాతి తాబేళ్ళు. నేను ఆగలేక వంగి ఒక తాబేలు తల మీద చెయ్యేసి కళ్ళకద్దుకున్నాను. "అది తాబేలు కాదు, డ్రాగన్ కొడుకు. బరువులు మోయడమంటే దానికి ఇష్టం" అని మేడం సరిదిద్దింది. నాకు మాత్రం అది శ్రీకూర్మం గుళ్ళో ఆకుకూర తినే తాబేళ్ళకి పెద్దన్నయ్యలాగే కనిపించింది.

ఇంకో సంగతి కూడా చెప్పిందావిడ. ఒక రాజవంశం వాళ్ళు చెక్కించిన పేర్లని తర్వాత వచ్చిన వంశం వాళ్ళు అరగదీయించి, అదే రాళ్ళ మీద తమ వాళ్ళ పేర్లు చెక్కించుకున్నారట.

బయటికొచ్చే దారిలో పరీక్షలు రాసే పిల్లలు కోరికలు రాసి కట్టే ఎర్ర పలకలు వేలాడుతున్నాయి. నేనూ ఒకటి కొని తెలుగులో రాశాను: మాస్టారి గోడ మీద నా పేరు రావాలి.

సెలవులకి వచ్చినప్పుడు ఇదంతా ఆయనకి అరుగు మీద కూర్చుని చెప్పాను. ఆయన నన్ను కదలనివ్వలేదు. "బొమ్మ నేదా? ఒట్టి పేరేనా?" అని మూడుసార్లు అడిగారు. తాబేలు మాట వినగానే, "మన కూర్మనాథుడే!" అని లేచి నిలబడ్డారు. డ్రాగన్ కొడుకట మాస్టారూ అన్నాను. "ఏదైతే ఏటి, మోసేది మోసేదే" అన్నారు. పేర్లు అరగదీసిన సంగతికి మాత్రం ఆయనకి కోపం వచ్చింది. "సదువుకున్నోడి పేరు సెరిపే అదికారం ఏ రాజుకైనా ఉంటాదేటి?" అని ఆ పోయిన రాజుల్ని తిట్టారు. నాకు ఆ సాయంత్రం ఎంత సంతోషంగా అనిపించిందో ఇప్పుడు తలుచుకోవడానికి కూడా సిగ్గేస్తోంది.

మధ్యలో కరోనా వచ్చి, రెండేళ్ళు మా డాబా మీద కూర్చుని ఫోనులో వైద్యం నేర్చుకున్నాను. రోగిని చూడకుండా రోగం చదివాను. దీన్ని నా తప్పుకి సాకుగా చెప్పుకోవచ్చు, చాలామందికి చెప్పుకున్నాను కూడా. కానీ నాతోపాటు అదే ఫోనులో చదివి, మొదటిసారికే గట్టెక్కినవాళ్ళు మా బ్యాచిలో ఉన్నారు. నేను చదవాల్సినంత చదవలేదు, అంతే.

పట్టా తెచ్చుకుని, అరసవల్లిలో గది తీసుకుని ఇక్కడి పరీక్షకి కూర్చున్నాను. సూర్యనారాయణ మూర్తి దగ్గర హాలు టికెట్టు పెట్టించి పూజ చేయించాను. ఫలితాలు వచ్చిన రోజు గదిలో ఒక్కదాన్నే ఉన్నాను. తప్పాను. ఫోను తిప్పి మంచం మీద పెట్టేసి గోడ చూస్తూ కూర్చుంటే, అది మోగింది. మాస్టారు.

"ఏటమ్మా, ఏటయ్యింది?" అన్నారు. వెనకాల పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు. "ఉండండర్రా, అక్క ఫోను" అని ఆయన వాళ్ళని ఊరుకోబెట్టారు. ఆ అరుగు మీద పిల్లలంతా నా మాట కోసం చెవులు రిక్కించి ఉన్నారని నాకు తెలుసు. నేనూ అలా కూర్చున్నదాన్నే కదా.

"పాసయ్యాను మాస్టారూ" అన్నాను.

చప్పట్లు వినిపించాయి. ఆర్నెల్లలో మళ్ళీ పరీక్ష ఉంటుంది, అప్పుడు పాసై దీన్ని నిజం చేసేస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. భయంలో ఇంకో మాట కూడా దానంతట అదే వచ్చింది. "మెమో తెచ్చి చూపిస్తాను" అన్నాను. మాస్టారు నవ్వారు. "నీకు మెమో ఏటే గుంటా! నీ మాట సాలు" అన్నారు.

ఆ గోడ చరిత్రలో మెమో చూడకుండా ఎక్కిన పేరు నాదొక్కటే.

అబద్ధం నాకంటే ముందే ఇంటికి చేరింది. నాన్న స్వీటు పెట్టెలతో వీధంతా తిరిగాడు. ఇంక వాళ్ళకి వేరేగా నిజం చెప్పే దారి మూసుకుపోయింది. రిజిస్ట్రేషను కాయితాలు రావాలి, అవి వచ్చేదాకా వైద్యం చేయకూడదు అని ఒక కథ అల్లాను. కాయితాలు, ఆఫీసు, స్టాంపు అంటే మావాళ్ళు దేన్నైనా నమ్ముతారు.

ఆ ఏడు తుఫానుకి మాస్టారి గోడ నానిపోయి, పేర్లు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయాయి. ఆయన మళ్ళీ పెయింటు కొనలేదు. "గుంట సెప్పిన రాయి పెడతాను" అన్నారట. గుంట అంటే నేనే, మా వైపు ఆడపిల్లని అలాగే అంటారు. టెక్కలి వైపు రాళ్ళు కోసి పాలిషు పట్టే షెడ్డులో ఆయన పాత శిష్యుడొకతను మేస్త్రీగా ఉన్నాడు. పదో తరగతి తప్పి ఆ పనిలోకి పోయినవాడు. గోడ మీద అతని పేరు ఎప్పుడూ లేదు. ఆ మేస్త్రీయే క్వారీలో మంచి రాయి ఏరి, పలక కోయించి, శ్రీకూర్మం వెళ్ళి గుళ్ళో తాబేళ్ళని గంటలకొద్దీ చూసొచ్చి, వాటి వీపు మీది నక్షత్రాల్లాంటి గీతలతో సహా రాతి తాబేలు చెక్కాడు. గోడ మీద ఉండిన పేర్లన్నీ వరసగా పలక మీద చెక్కాడు. పైన నా పేరు చెక్కమన్నది మాస్టారు. రాయి ఆలోచన నాది కాబట్టి మొదటి చోటు నాదట.

ఈలోగా నేను రెండోసారి పరీక్ష రాశాను. రెండోసారీ తప్పాను. ఆ వారమే రాయి లారీ మీద వచ్చింది.

గురుపూజోత్సవం రోజున దాన్ని నిలబెట్టారు. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. నాకు మాస్టారి పక్క కుర్చీ. మాస్టారు మైకు తీసుకుని, "ఆ గుడి సరిత్ర, దాని గొప్పతనం మా గుంట సెప్తాది, ఇనండి" అని నా చేతికిచ్చారు. చెప్పాను. ఎర్ర గోడలు చెప్పాను, చెక్క పలక చెప్పాను, శిష్యులు మూడేళ్ళు సమాధి దగ్గర ఉన్న సంగతి చెబుతుంటే ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. నా గొంతు ఒక్కసారి కూడా వణకలేదు. నా మీద నాకు అసహ్యం వేసిన విషయాలు చాలా ఉన్నాయి గాని, ఆ వణకని గొంతు వాటన్నిటికంటే పైన ఉంటుంది.

కుర్చీలో కూర్చోగానే మాస్టారు నా చెవి దగ్గరికి వంగారు. "బాగా సెప్పినావు. పేర్లు అరగదీసిన సంగతి మర్సిపోనావేటి?" అన్నారు. నవ్వుతూనే అడిగారు. మర్చిపోయాను మాస్టారూ అన్నాను.

అప్పటినుంచి రాయి ఊరి పిల్లల సొత్తయింది. పరీక్షకి పోయేముందు తాబేలు తల నిమరడం, ఎవరో ఒక చిన్నపిల్ల దాని నోటి ముందు తోటకూర పెట్టి పోవడం, అవన్నీ నాకు అమ్మ చెబితే తెలిశాయి. నేను మాత్రం స్టేషను దారి పట్టాను.

ఇరవయ్యో రోజు పొద్దున్న పక్క ఊరి నుంచి ఒకావిడ రెండేళ్ళ బాబుని భుజానేసుకుని మా వాకిట్లోకి వచ్చింది. బాబుకి జ్వరం, డొక్కలు ఎగరేస్తున్నాడు. "రాయి మీద మీ పేరు సూసినామమ్మా. డాక్టరమ్మ ఇల్లు ఏదని అడిగితే ఇదని సెప్పినారు" అంది. గవర్నమెంటు ఆస్పత్రి ఆవిడకి దారిలోనే తగిలింది. అది దాటి నా దగ్గరికి వచ్చింది. కాయితం మీద రాసింది మారిపోతుంది గాని రాతి మీద చెక్కింది తప్పవుతుందని ఎవరనుకుంటారు? బాబు డొక్క చూస్తే నాకు ఏం జబ్బో తెలుస్తూనే ఉంది, చెయ్యి వేసే హక్కు మాత్రం నాకు లేదు. ఆటో పిలిచి, నేనూ ఎక్కి, ఆస్పత్రికి తీసుకెళ్ళాను. "మీరు సూడరా?" అని ఆవిడ దారి పొడుగునా అడిగింది. నా దగ్గర మందులు లేవన్నాను. డ్యూటీలో ఉన్న డాక్టరు బాబుకి వెంటనే ఆక్సిజను పెట్టించి, "ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేది" అన్నాడు. బాబు గట్టెక్కాడు. నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

అక్కడినుంచి తిన్నగా మాస్టారి ఇంటికి వెళ్ళాను. మధ్యాహ్నం, పిల్లలు లేరు. ఆయన అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. నన్ను చూసి మొహం విప్పారింది. "ఏటే, దారి మర్సిపోనావనుకున్నాను" అన్నారు.

"మాస్టారూ, నేను పాసవలేదు. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ తప్పాను. మీకు అబద్ధం చెప్పాను."

ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి పక్కన పెట్టారు. తిడతారని ఎదురుచూశాను. తిడితే బాగుండునని ఆశపడ్డాను కూడా.

"ఎన్ని మార్కుల్లో పోనాది?" అన్నారు.

చెప్పాను.

"ఏ సబ్జెక్టు కాడ?"

అదీ చెప్పాను. తర్వాత పొద్దున్న వచ్చిన బాబు సంగతి చెప్పాను. అప్పుడు ఆయన రాయి వైపు తిరిగారు.

"తప్పు నాది" అన్నారు. "అందరినీ మెమో అడిగినాను, నిన్ను అడగనేదు. పోలీసోడిని నాలుగు నెల్లు నిలబెట్టినాను. నీ కాడ మాత్రం మాట సాలన్నాను. అది మిగిలినోళ్ళకి అన్యాయం సేసినట్టు."

నన్ను క్షమించమని అడగడానికి ఎన్నో మాటలు కూడబెట్టుకుని వెళ్ళాను. తప్పంతా ఆయన తీసేసుకున్నాక ఆ మాటలకి చోటు లేకపోయింది.

మర్నాడు మేస్త్రీ వచ్చి రాయి చూశాడు. "ఒక్క లైను సెరిపితే అక్కడ పాలిషు పోతాది మాస్టారూ. గొయ్యి తేలిపోతాది. తెలీకుండా ఉండాలంటే మొఖమంతా అరగదీసి, అన్ని పేర్లూ మళ్ళీ సెక్కాల" అన్నాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "ఒక్కరి గురించి అందరివీ ఎందుకు సెరపాల? ఆ లైనొక్కటే తియ్యి" అన్నారు. ఏ రాజుకీ అధికారం లేదన్న మనిషి ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డారో, ఆయన కిందికి దించుకున్న తల చూస్తే తెలిసింది.

గ్రైండరు పెట్టినప్పుడు దుమ్ము లేవకుండా రాయి మీద నీళ్ళు పొయ్యాలి. నేను పోస్తానన్నాను. బిళ్ళ తిరుగుతుంటే నా పేరు ఒక్కో అక్షరమూ బురదలాగ కారి, కిందున్న తాబేలు తల మీద పడింది. మధ్యలో మేస్త్రీ మిషను ఆపి, మాస్టారికి వినపడకుండా, "నానూ తప్పినోణ్ణే సెల్లీ. నాకు ఈ బాద నేదు. నాను తప్పినానని నాకంటే ముందే ఊరందరికీ తెలుసు" అన్నాడు. నన్ను ఓదార్చడానికే అన్నాడు. ఊళ్ళో అందరి పేర్లూ చెక్కిన ఆ చేత్తో తన పేరు చెక్కుకోలేదు. చోటున్నా దొంగతనంగా కూడా చెక్కుకోలేదు. నేను మగ్గు మళ్ళీ ముంచి నీళ్ళు పోశాను.

ఆ రోజే ఇంట్లోనూ చెప్పాను. నాన్న ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు, "అన్నం తిన్నావా?" అన్నాడు. అమ్మ ఇప్పటికీ పక్కింటివాళ్ళకి కాయితాల కథే చెబుతోంది. వద్దని చెప్పినా మానదు.

మాస్టారు నన్ను రోజూ వచ్చి అరుగు మీద కూర్చుని చదువుకోమన్నారు. మూడోసారి పరీక్షకి చదువుతున్నాను, పదో తరగతి పిల్లల మధ్య. నా ముందే రాయి కనిపిస్తుంది. పైన వేలెడు వెడల్పున గరుకుగా, తెల్లగా ఒక పట్టీ, దాని కింద నున్నగా మెరుస్తూ అందరి పేర్లు.

మొదటి వారంలోనే ఒకాయన కూతుర్ని ట్యూషనులో చేర్చడానికి వచ్చాడు. రాయి చుట్టూ తిరిగి చూసి, "పైన ఇలాగుందేటి మాస్టారూ, గరుగ్గా?" అన్నాడు. మాస్టారు బోర్డు మీద లెక్క రాస్తున్నారు. వెనక్కి తిరగలేదు.

"రాయిలో లోపం ఉన్నాది. పై లైను పెచ్చు లేసి ఊడిపోనాది" అన్నారు.

మెమో చూడనిదే అక్షరం రాయని మనిషి, నోటిమాటని ఎన్నడూ నమ్మని మనిషి, నా కోసం నోటితో అబద్ధం చెప్పారు. పిల్లల ముందు చెప్పారు. చిన్నప్పటి నుంచి ఆయన నాకు నేర్పినవి లెక్కపెట్టలేను. నేను ఆయనకి నేర్పినది ఇదొక్కటే.

ఆ తర్వాత చాలామంది అడిగారు. ప్రతిసారీ అదే జవాబు. ఇప్పుడు ఊళ్ళో మేస్త్రీని కూడా అంటున్నారట, మంచి రాయి ఏరడం తెలీనివాడని, చెయ్యి నిలకడ లేనివాడని. అతనూ ఏమీ అనడంలేదు. ఎవరైనా అడిగిన ప్రతిసారీ నేను నోరు తెరుస్తాను, పిల్లలు నా వైపు చూస్తారు, మూసేస్తాను. వణకకుండా మైకులో మాట్లాడిన గొంతు ఇప్పుడు పెగలదు.

అందుకే రాస్తున్నాను. పేర్లేవీ రాయలేదు గాని, మా ఊరివాళ్ళు చదివితే ఎవరో తెలుస్తుంది. తెలియాలి. రేపు పొద్దున్న ట్యూషను మొదలవగానే, ఎక్కాలకంటే ముందు, ఈ కాయితాలు మాస్టారి చేతిలో పెడతాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, పై నుంచి కిందిదాకా, పిల్లలందరికీ వినబడేలా పైకి చదవాలి. ఆ మేస్త్రీ ఏరిన రాయిలో ఏ లోపమూ లేదు.